బైలదిల్లా కొండలు గని రాకముందు ఎలా ఉండేవి? పాత మ్యాపులు, ఫొటోలు కావాలి

కిరండూల్ క్వార్టర్స్ (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. మా నాన్న 1971లో బైలదిల్లా కొండల్లోని (ఇప్పటి చత్తీస్‌గఢ్) కిరండూల్ ఇనుప గనిలో డంపర్ నడపడానికి చేరి, రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నారు. ఇప్పుడు ఆయనకు ఎనభై దాటాయి, మల్కాజిగిరిలో మా దగ్గరే ఉంటున్నారు. ఈ మధ్య పొద్దున్నే నా ఫోన్ తీసుకుని శాటిలైట్ మ్యాప్‌లో 14వ డిపాజిట్ (ఖనిజం తవ్విన చోటు) చూస్తూ కూర్చుంటారు. "ఇది కాదురా, ఇక్కడ కొస ఉండేది, వానాకాలంలో దాని మీద మబ్బు ఆగిపోయేది" అంటారు. ఆ కొసను తవ్వి మోసినవాళ్లలో తనూ ఉన్నానని ఆయనకు తెలుసు. అయినా మొదట్లో ఎలా ఉండేదో ఒక్కసారి చూడాలని ఉంది.

మా అమ్మ ఆల్బమ్‌లో నాలుగే ఫొటోలు ఉన్నాయి, అన్నిట్లోనూ మనుషులే కనిపిస్తారు, వెనక కొండ వెలిసిపోయింది. గని మొదలుకాకముందు మ్యాపు, ఆ తర్వాత పదేళ్లకోసారి తీసినట్టు ఏవైనా చిత్రాలు దొరుకుతాయా? చత్తీస్‌గఢ్ పేరుతో చాలా వెతికాను, అన్నీ కొత్తవే వస్తున్నాయి.

పాత షీట్లు (ఉప్పల్)

ముందు మీరు వెతికే పేరు మార్చాలండీ. చత్తీస్‌గఢ్ 2000 నవంబర్‌లో వచ్చింది, దంతెవాడ జిల్లా 1998లో. అంతకు ముందు అది మధ్యప్రదేశ్‌లో బస్తర్ జిల్లా, 1948కి ముందు బస్తర్ సంస్థానం. బ్రిటిష్ కాలం కాగితాల్లో అయితే సెంట్రల్ ప్రావిన్సెస్ కింద ఉంటుంది. మన తెలుగువాళ్లు మద్రాసు ప్రెసిడెన్సీ మ్యాపుల్లో వెతికి, లేదని వదిలేస్తుంటారు. ఒడిశాలోని జైపూర్ వైపు అయితే అక్కడ దొరుకుతుంది కానీ బైలదిల్లా దొరకదు.

మీకు కావాల్సిన టోపోషీట్ (సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల ఎత్తుపల్లాల మ్యాపు) 65 ఎఫ్/2. కిరండూల్ సరిగ్గా షీటు తూర్పు అంచున పడుతుంది కాబట్టి పక్కది 65 ఎఫ్/6 కూడా తీసుకోండి, ఇంకా ఉత్తరం వైపు కొండలు కావాలంటే పైన 65 ఎఫ్/1 చూడండి. మన హైదరాబాద్ 56 కె/7, 56 కె/11 అయినట్టే దేశమంతా ఒకే లెక్క. కొత్త ఓపెన్ సిరీస్ షీట్లకు మాత్రం నంబర్లు వేరే పద్ధతిలో ఉంటాయి. పాతవి అంగుళానికి మైలు చొప్పున ఉంటాయి, కొత్తవి 1:50,000. వీలైతే అంగుళం షీటే పట్టండి. అందులో ఎత్తు గీతలు మామూలుగా 50 అడుగులకోటి ఉంటాయి, మీ నాన్నగారు చెప్పే కొస ఎంత ఎత్తు, ఎటు వాలు అన్నది ఆ గీతల్లోనే ఉంటుంది. ఫొటో దొరక్కపోయినా ఆ గీతల నుంచి కొండను మళ్లీ కంప్యూటర్‌లో నిలబెట్టొచ్చు. నేను ఇంకో ఊరి గుట్టకు అలా చేశాను, వారం పట్టింది.

రాళ్లబాట

పై ఆయన చెప్పింది నిజం. దానికి తోడు జియాలజీ మ్యాపు కూడా చూడండి, ఈ కొండల కథ అసలు అందులోనే ఉంది.

జియలాజికల్ సర్వేకు చెందిన పి.ఎన్. బోస్ 1899 ప్రాంతంలో ఈ ఖనిజం సంగతి రాశారు. తర్వాత 1934-35లో అదే సర్వేకు చెందిన క్రుక్‌శాంక్ కొండలన్నీ తిరిగి మ్యాపు గీసి, ఖనిజం ఉన్న చోట్లను 14 డిపాజిట్లుగా నంబర్లు వేశారు. మీ నాన్నగారు చెప్పే 14 ఆ నంబరే. దక్షిణ బస్తర్ మీద క్రుక్‌శాంక్ రాసిన మెమోయిర్ (సర్వే గ్రంథం) 1963లో అచ్చయింది. జియలాజికల్ సర్వే వాళ్ల భూకోశ్ పోర్టల్‌లో ఇప్పటి జియాలజీ మ్యాపులు ఉచితంగా దొరుకుతాయి, పాతదాని పక్కన పెట్టి చూడొచ్చు.

ఒక్క మాట చెప్పాలి, ఇది నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న విషయం. బైలదిల్లా అంటే ఎద్దు మూపురం అని అర్థం. అక్కడి ఆదివాసులకు ప్రతి కొండకూ పేరు ఉంది, దేవుడు ఉన్నాడు. గని కాగితాల్లో మాత్రం నంబర్లే మిగిలాయి. 2019 జూన్‌లో 13వ డిపాజిట్ తవ్వొద్దని వేలమంది కిరండూల్ వచ్చి కూర్చున్నప్పుడు, మనకు పేపర్లో కనిపించింది ఆ 13 అనే అంకె. వాళ్లు కాపాడుకుంటున్నది నందిరాజ్ కొండను. అందుకే పాత టోపోషీట్ దొరికితే అందులో కొండల పేర్లు, వాగుల పేర్లు కూడా రాసి పెట్టుకోండి. సర్వేవాళ్లు గోండి పేర్లను తప్పుగా రాసి ఉండొచ్చు, అయినా అవి పోగొట్టుకోకూడనివి.

బాలానగర్ నుంచి

చిత్రాల విషయం నేను చెప్తాను. 14వ డిపాజిట్‌లో పని మొదలైంది 1968లో. అమెరికా కరోనా నిఘా ఉపగ్రహాలు ఫొటోలు తీసింది 1960 నుంచి 1972 దాకా, వాటిని 1995లో బయటపెట్టారు. అంటే తవ్వకానికి ముందూ తర్వాతా రెండూ పడే కాలం అది. అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ల ఎర్త్ ఎక్స్‌ప్లోరర్ సైట్‌లో కిరండూల్ మీద చతురస్రం గీసి డీక్లాసిఫైడ్ అన్నది ఎంచుకుని వెతకండి. ఎవరైనా ముందే స్కాన్ చేయించి ఉంటే ఉచితం, లేకపోతే ఒక ఫ్రేముకు 30 డాలర్లు. నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యవే చూడండి, మిగతా నెలల్లో మబ్బుకు డబ్బు కట్టినట్టవుతుంది. 1972 తర్వాత ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు ఉన్నాయి, మొదట్లోవి మసకగా ఉంటాయి, 1984 నుంచి 30 మీటర్ల వివరం వస్తుంది, పూర్తిగా ఉచితం.

పాత షీటును ఇప్పటి చిత్రం మీద పరిచేటప్పుడు జాగ్రత్త. పాత మ్యాపులు ఎవరెస్ట్ అనే పాత భూమి కొలతల లెక్కలో ఉంటాయి, జీపీఎస్ లెక్క వేరు, సరిచేయకపోతే ఊరంతా వంద మీటర్లకు పైగా పక్కకు జరుగుతుంది. గని అంచులను గుర్తుగా పెట్టుకోవద్దు, అవి కదిలిపోయాయి. దంతెవాడలో శంఖిని, డంకిని కలిసేచోట దంతేశ్వరి గుడి ఉంది, అది కదల్లేదు. షీట్లన్నీ కలిపి పరుస్తుంటే అక్కడి నుంచి మొదలుపెట్టండి.

బచేలి బడి

నేను అదే కొండల కింది బచేలిలో పుట్టాను, ఇప్పుడు నిజాంపేటలో ఉంటున్నాను. మా నాన్నగారు 5వ డిపాజిట్‌లో చేసేవారు, అది 1977లో మొదలైంది. మీ పోస్టు చదివి కళ్లనీళ్లు వచ్చాయి. మ్యాపుల గురించి నాకు తెలియదు గానీ ఫొటోలు మన ఇళ్లలోనే ఉన్నాయండీ. సెలవులకు కేకే లైన్ (కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం) బండిలో విశాఖ వచ్చేవాళ్లం, పిల్లలం సొరంగాలు లెక్కపెట్టేవాళ్లం, అన్నీ కలిపి 58 అని తర్వాత తెలిసింది. ప్రతి ఇంట్లో కొండ మీది ఆకాశ్‌నగర్ ఎక్కినప్పుడు తీసుకున్న ఫొటో ఒకటైనా ఉంటుంది, విశ్వకర్మ పూజ రోజు అందరినీ పైకి వెళ్లనిచ్చేవాళ్లు. మా ఇంట్లో ఉన్న ఫొటోలో మేం ముగ్గురం వాగు ఒడ్డున నిలబడి ఉన్నాం, నీళ్లు ఇటుకపొడి కలిపినట్టు ఎర్రగా ఉన్నాయి. అప్పుడు మాకు వాగు అంటే ఆ రంగే అనుకునేవాళ్లం.

నేను పాత ఇరుగుపొరుగు వాట్సాప్ గ్రూపులో అడుగుతాను. 1970లలోవి దొరికితే వెనకవైపు రాసిన తేదీతో సహా స్కాన్ చేసి పంపిస్తాను.

కిరండూల్ క్వార్టర్స్ (హైదరాబాద్)

అందరికీ చాలా థాంక్స్. మీరంతా రాసింది నాన్నకు చదివి వినిపించాను. నందిరాజ్ పేరు రాగానే ఆగమన్నారు. తన డంపర్ మీద పనిచేసిన ఒక గోండు అబ్బాయి షిఫ్టు మొదట్లో రోజూ ఆ వైపు తిరిగి దణ్ణం పెట్టేవాడట, ఎందుకని తను ఎప్పుడూ అడగలేదట. సోమవారం ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా ఆఫీసుకు వెళ్లి 65 ఎఫ్/2, 65 ఎఫ్/6 గురించి కనుక్కుంటాను, నాన్న కూడా వస్తానంటున్నారు. మేడం, ఆ వాగు ఫొటో మీకు అభ్యంతరం లేకపోతే ముందు అది పంపగలరా? అది ఏ వాగో చూసి చెప్తానంటున్నారు.