విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది, డీటీపీ సెంటర్‌ను లైనక్స్‌కు మార్చవచ్చా?

తెనాలి డీటీపీ:
నమస్కారం అండీ. మాది చిన్న డీటీపీ, జిరాక్స్ సెంటర్. మూడు కంప్యూటర్లున్నాయి. మూడూ ఇంటెల్ ఆరో తరం ఐ3లే, 8 జీబీ ర్యామ్. రెండేళ్ల కిందట ఎస్ఎస్‌డీలు వేయించాను, ఇప్పటికీ చక్కగా పనిచేస్తున్నాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 పెడదామంటే ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలంటోంది. బాగున్న మెషీన్లు తీసేసి కొత్తవి కొనడానికి మనసొప్పడం లేదు. మా మేనల్లుడేమో "విండోస్ బదులు లైనక్స్ మింట్ పెట్టుకో మామయ్యా, పైసా ఖర్చు లేదు" అంటున్నాడు. శుభలేఖలు, కరపత్రాలు, కోర్టు పిటిషన్లు, ఆన్‌లైన్ అప్లికేషన్లు మా పని. వాడేది పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగుకు అను ఫాంట్లు, ఫొటోషాప్. మారినవాళ్లు ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

ఖమ్మం టీచర్:
మారిపోండి సార్, భయం వద్దు. నేను బడిలోనూ ఇంట్లోనూ మింటే వాడుతున్నాను. మింట్ 22ను ఉబుంటు 24.04 అనే ఇంకో లైనక్స్ మీద కట్టారు, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. మీ మెషీన్లకు హాయిగా సరిపోతుంది. కేరళలో కైట్ అనే సర్కారీ సంస్థ ప్రభుత్వ బడులకు ఉబుంటు ఆధారంగా సొంత లైనక్స్ తయారు చేసి ఇస్తోంది, పిల్లలు దాని మీదే నేర్చుకుంటున్నారు. మన దగ్గరా స్వేచ్ఛ అనే సాఫ్ట్‌వేర్ ఉద్యమం వాళ్లు ఎప్పుడో తెలుగులో ఒక లైనక్స్ తెచ్చారు. పిల్లలు నేర్చుకోగా లేనిది పెద్దవాళ్లకెందుకు కష్టం?

విజయవాడ ప్రెస్:
టీచర్ గారూ, మీ ఉత్సాహం బాగుంది. కానీ బడి వేరు, ప్రెస్ వేరు. ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

తెనాలి అన్నగారి సమస్య విండోసూ కాదు, లైనక్సూ కాదు. ఆయన హార్డ్ డిస్క్‌లో ఉన్న పాత ఫైళ్లు. అను ఫాంట్ల పద్ధతి వేరు. అందులో తెలుగు అక్షరాల ముక్కలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చారు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే కనిపించేది ఇంగ్లీషు చెత్త. కంప్యూటర్ దృష్టిలో అది తెలుగే కాదు. పైగా పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో, దానికి యూనికోడ్ తెలుగు, అంటే కంప్యూటర్లూ ఫోన్లూ తెలుగుగానే గుర్తించే పద్ధతి, రాదు. పేజ్‌మేకర్‌కు గానీ ఫొటోషాప్‌కు గానీ కోరల్‌డ్రాకు గానీ లైనక్స్ వెర్షన్ లేదు. రేపు పొద్దున మింట్ పెట్టేశారనుకోండి. పోయినేడాది శుభలేఖ వేయించుకున్నవాళ్లు రెండో అమ్మాయి పెళ్లికి వచ్చి "అదే డిజైన్, పేర్లు మార్చండి చాలు" అంటే ఏం చేస్తారు?

అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, వాడాను. ఒకసారి ఓ పిటిషన్ మారిస్తే క్రారవడి పక్క అక్షరానికి వెళ్లి ప్రతివాది పేరే మారిపోయింది. ప్లీడరు గారు సంతకం చేసే ముందు చూశారు కాబట్టి బతికిపోయాం. అప్పటినుంచి మార్చిన ప్రతి పేజీనీ పాత ప్రింట్ పక్కన పెట్టుకుని చదువుతాను. పది పేజీలకు పూట పడుతుంది.

పెద్ద సంస్థల అనుభవమూ ఉంది. జర్మనీలో మ్యూనిక్ నగర పాలక సంస్థ 2003లో లైనక్స్‌కు మారాలని నిర్ణయించుకుని, పదేళ్లలో దాదాపు 15,000 కంప్యూటర్లు మార్చింది. 2017లో మళ్లీ విండోస్‌కే పోదామని తీర్మానించుకుంది. సొంత ఇంజనీర్లున్న ఊరే వెనక్కి తిరిగిందంటే ముగ్గురు మనుషుల షాపు ఎంత ఆలోచించుకోవాలి!

వరంగల్ హార్డ్‌వేర్:
అన్నా, రూఫస్ అనే టూల్‌తో టీపీఎం చెకింగ్ తప్పించి పాత మెషీన్లలో విండోస్ 11 వేసి ఇస్తున్నవాళ్లున్నారు. నన్నూ అడుగుతారు, నేను వేయను. అలాంటి మెషీన్లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. ఇంట్లో సినిమాలు చూసుకునే మెషీన్ అయితే సరే. మీ దగ్గర జనం ఆధార్ నంబర్లు, ఓటీపీలు చెబుతారు, అక్కడ వద్దు.

ఇళ్లలో వాడేవాళ్లకు విండోస్ 10 మీదే 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు పొడిగించుకునే వీలిచ్చారు. షాపుల్లాంటి వాటికి లెక్క వేరు, డబ్బు కట్టాలి. ఎలా చూసినా అది వాయిదాయే.

మారేటప్పుడు నేను చూసిన ఇబ్బందులు రెండు. విండోస్ పక్కనే లైనక్స్ పెట్టాలనుకుంటే ముందు బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూసి, దాన్ని తెరిచే రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. రెండోది, విండోస్‌ను పూర్తిగా ఆపకుండా త్వరగా తెరిచే ఫాస్ట్ స్టార్టప్ సెట్టింగ్ ఆపండి. లేదంటే లైనక్స్‌లోంచి విండోస్ డ్రైవ్ తెరిచినప్పుడు ఫైళ్లు చూడనిస్తుంది గానీ రాయనివ్వదు. ప్రింటర్ సంగతి మాత్రం ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి మింట్ లైవ్‌లో నడిపి, ఒక పేజీ ప్రింటు తీశాకే నమ్మండి. కొన్ని పాత లేజర్ ప్రింటర్లకు డ్రైవర్ దొరికేసరికి ప్రాణం పోతుంది.

ఖమ్మం టీచర్:
విజయవాడ సార్, అను ఫైళ్ల విషయంలో మీరన్నది ఒప్పుకుంటున్నాను, నాకు ఆ ఇబ్బంది ఎదురవలేదు. మ్యూనిక్ మాటకు మాత్రం ఒప్పుకోను. అక్కడ రాజకీయం కూడా కలిసింది, లైనక్స్ పనికిరాకే వెళ్లారనడం సరికాదు.

ఇంకో మాట. మీరు చెప్పినదాన్ని బట్టే, అనులో కొత్త ఫైలు చేసిన ప్రతిరోజూ ఆ గుదిబండ ఇంకాస్త బరువెక్కుతుంది కదా? విండోస్‌లోనే ఉన్నా ఆ ఫైళ్లలోని తెలుగును గూగుల్‌లో వెతకలేం, వాట్సాప్‌లో మెసేజ్‌గా పంపలేం, కస్టమర్ ఫోన్లో దిద్దలేడు. మండలి, రామభద్ర, ఎన్టీఆర్, సూరన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి, శుభలేఖ శీర్షికలకు అందంగా కుదురుతాయి. పేజ్‌మేకర్ లాగే పేజీలు కూర్చే స్క్రైబస్ 1.6లో తెలుగు వత్తులు సరిగానే పడుతున్నాయి, ప్రెస్సుకు కావలసిన సీఎంవైకే (నాలుగు రంగుల ప్రింటింగ్) పీడీఎఫ్ వస్తుంది.

విజయవాడ ప్రెస్:
ఈ మాటకు తిరుగు లేదు. నేనూ కిందటేడు నుంచి కొత్త పని ఏదొచ్చినా యూనికోడ్‌లోనే చేస్తున్నాను. అయితే నేను చేసేది విండోస్‌లో, ఇన్‌డిజైన్‌లో. మా ఆపరేటర్లకు ఆపిల్ కీబోర్డే, అంటే ఏ మీట మీద ఏ తెలుగు అక్షరమో చెప్పే ఆ అమరికే, చేతికి అలవాటు. అది మారితే స్పీడ్ సగానికి పడిపోతుందని వాళ్ల టెన్షన్. లైనక్స్‌లో దానికేమైనా ఉందా?

ఖమ్మం టీచర్:
ఉంది సార్. ఐబస్ అనే టైపింగ్ టూల్, దానికి ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుంటే తెలుగులో ఆపిల్, ఇన్‌స్క్రిప్ట్, పోతన, ఆర్‌టీఎస్ లేఅవుట్లు కనిపిస్తాయి. వేశాక లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి. అనులో మీరు వాడే ఆపిల్‌కు కొన్ని కీలు తేడా ఉండొచ్చు, మీ ఆపరేటర్‌తో ఒక పూట టైప్ చేయించి చూడండి.

తెనాలి డీటీపీ:
అందరికీ దండాలు. అన్నీ చదివి ఒకటి అనుకున్నాను. ఆన్‌లైన్ అప్లికేషన్లు చేసే మెషీన్ ముందు గదిలో ఉంది, దానికి ఈ ఆదివారం మింట్ పెడతాను. జనం వివరాలు చెప్పేది అక్కడే, ఆగిపోయిన విండోస్ మీద అది చేయించడం నాకే తప్పనిపిస్తోంది. లోపలి మెషీన్‌లో విండోస్ 10 అలాగే ఉంచి నెట్ వైరు పీకేస్తాను, పాత అను ఫైళ్లు అందులోనే. మూడోది మా ఆవిడ పిటిషన్లు కొట్టేది. "ఆపిల్ కీబోర్డు సరిగ్గా వస్తేనే దాని మీద చెయ్యి వేయండి" అని ఖచ్చితంగా చెప్పేసింది. ముందు పెన్‌డ్రైవ్‌లో ఆవిడ చేతే టైప్ చేయిస్తాను. వరంగల్ తమ్ముడూ, రికవరీ కీ ఎక్కడ చూడాలో కాస్త చెప్పు.

వరంగల్ హార్డ్‌వేర్:
మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి ఉంటే అన్నా, అకౌంట్ పేజీలో డివైసెస్ కింద చూడు. లోకల్ అకౌంట్ అయితే కంట్రోల్ ప్యానెల్‌లో బిట్‌లాకర్ తెరిచి అక్కడే బ్యాకప్ తీసుకో. శనివారం రాత్రే తీసిపెట్టుకో, ఆదివారం దాకా ఆగకు.