పీఎస్2 కాలపు రోల్ ప్లేయింగ్ గేముల్లో మీరు చివరికంటా ఆడినది ఏది?

పెన్నా ఒడ్డు, నెల్లూరు

పదేళ్లకు పైగా అటక మీద అట్టపెట్టెలో పడి ఉన్న ప్లేస్టేషన్ 2ను దసరా సెలవుల్లో కిందికి దించి, దుమ్ము దులిపి, లెన్సు తుడిపించి మళ్లీ నడిపిస్తున్నాను. పసుపు, తెలుపు, ఎరుపు తీగలు గుచ్చే చోటు కొత్త టీవీకి లేదు కనుక అమ్మ గదిలోని పాత డబ్బా టీవీని హాల్లోకి మోసుకొచ్చాను. కారు పందేలూ కుస్తీలూ ఒక్క పూటలోనే మొహం మొత్తి, ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి "నాన్నా, కథ ఉన్నది పెట్టు" అని అడిగింది. నా బండారం అక్కడ బయటపడింది. నేను ట్రంకు రోడ్డు పక్క సందులో గంటకు 20 రూపాయలిచ్చి ఆడినవాణ్ణి. గంట కాగానే కుర్చీ వెనుక మరొకడు వచ్చి నిలబడే చోట 50 గంటలు పట్టే ఆటను ఎవరు మొదలుపెడతారు? మొదలుపెట్టినా, మెమరీ కార్డు మన జేబులో లేకపోతే మరుసటి ఆదివారానికి మన సేవ్ ఉండవలసిన చోట ఎవరిదో క్రికెట్ టోర్నమెంటు ఉండేది.

అందువల్ల ఆ కాలపు గొప్ప ఆటలన్నీ నాకు మొదటి రెండు గంటల మేరకే తెలుసు. మీలో చివరికంటా ఆడినవారు ఏది ఆడారో, ఏ పరిస్థితుల్లో ఆడారో, పన్నెండేళ్ల పిల్లతో కలిసి కూర్చుంటే ఏది నిలుస్తుందో తెలియజేయగలరు. పత్రికలు ఇచ్చిన మార్కులు నాకు అక్కరలేదు.

చీమకుర్తి రాయి, ఒంగోలు

నా మాట ఫైనల్ ఫాంటసీ 10. 2001లో జపానులో విడుదలైన ఈ ఆటలోనే ఆ వరుసలో మొదటిసారిగా పాత్రలు నోరు తెరిచి మాట్లాడాయి. అయితే నాకు నచ్చింది గొంతులు కాదు, పోరులోని నిదానం. తెర కుడివైపున ఎవరి తరువాత ఎవరి వంతో వరుసగా బొమ్మలతో కనిపిస్తుంది; మనం ఆజ్ఞ ఇచ్చేదాకా శత్రువు కదలడు. లేచి వెళ్లి మజ్జిగ తాగి వచ్చినా పోరు మనం వదిలిన చోటనే ఉంటుంది. వంతు వచ్చిన పాత్రను పక్కన కూర్చోబెట్టి మరొకరిని దింపవచ్చు కనుక, ఎగిరే పిట్ట ఎదురైతే బంతి విసిరే వాకాను, గట్టి పెంకు ఉన్నది ఎదురైతే ఆరాన్‌ను పిలిచే లెక్క పది నిమిషాల్లో ఒంటబడుతుంది. బలం పెంచుకునే స్ఫియర్ గ్రిడ్ మన పులిజూదం గీతల్లా ఉంటుంది: గీతలు కలిసే ప్రతి చోటా ఒక శక్తి, గడి గడికీ జరుపుకుంటూ పోవడమే.

ఇక పరిస్థితులు అడిగారు కనుక చెబుతాను. 2012 వేసవిలో మా వీధిలో పొద్దున రెండు గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు కోత. ఈ ఆటలో యూనలెస్కా అనే బాస్, అంటే దారికి అడ్డంగా నిలిచే పెద్ద శత్రువు, ఉంది. ఆమె దగ్గరికి వెళ్లే ముందు చాలా పెద్ద సన్నివేశం నడుస్తుంది; దాన్ని దాటవేసే మీట లేదు. పోరులో ఆమె మూడు రూపాలు దాలుస్తుంది. రెండో రూపంలో మన వాళ్లను జాంబీలుగా మారుస్తుంది, అప్పుడు మందు వేస్తే ప్రాణం పెరగకపోగా తగ్గుతుంది. నేను బుద్ధిమంతుడినై, అందరికీ ఆ జాడ్యం పూర్తిగా వదలగొట్టి మూడో రూపానికి సిద్ధమయ్యాను. ఆ రూపంలో ఆమె మొదట వాడేదే మెగా డెత్. జాంబీగా ఉన్నవాడికి అది తగలదు, లేనివాడు అక్కడికక్కడే పోతాడు. రోగం నయం చేసుకున్న ముగ్గురూ ఒక్క దెబ్బకు నేలకూలారు. మళ్లీ ఆ పెద్ద సన్నివేశం అంతా చూశాను. రెండోసారి ఇద్దరిని జాంబీలుగానే ఉంచి, ఇంకాస్త కొడితే పడిపోతుందనగా ఫ్యాను నెమ్మదించింది, టీవీ ఆరిపోయింది. గడియారం చూస్తే సరిగ్గా పన్నెండు. మూడోసారి రాత్రి పదకొండుకు మొదలుపెట్టి గెలిచాను.

అమ్మాయితో ఆడేటప్పుడు పిడుగుల మైదానం దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండండి. మన జట్టులోని మంత్రగత్తె లూలూ ఆయుధానికి కావలసిన వస్తువు కోసం అక్కడ వరుసగా 200 పిడుగులను తప్పించుకోవాలి. నేను 163 దగ్గర ఒకసారి తుమ్మాను. ఆ తరువాత ఆ ఆయుధం జోలికి పోలేదు.

గూడూరు నిమ్మతోట

చీమకుర్తి గారు చెప్పినదానికి ఒక్క మాట చేరుస్తాను. పెన్నా ఒడ్డు గారు డబ్బా టీవీ అన్నారు కాబట్టి డిస్కు ఏ దేశానిదో ముందు చూసుకోవాలి. మన దేశానికి వచ్చిన యంత్రాలు పాల్ అనే టీవీ సిగ్నల్ పద్ధతివి. అమెరికా డిస్కు ఎన్‌టీఎస్‌సీ పద్ధతిది; పాత టీవీల్లో చాలావాటికి ఆ రంగులు తెలియవు, బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తుంది. నేను ఫైనల్ ఫాంటసీ 10 మొత్తం అలాగే ఆడాను. కథానాయిక యూనాకు ఒక కన్ను ఆకుపచ్చ, ఒక కన్ను నీలమని ఆట పూర్తయిన నాలుగేళ్ల తరువాత స్నేహితుడి ఇంట్లో చూసి తెలుసుకున్నాను. పాల్ డిస్కు దొరికితే రంగులు వస్తాయి గాని పైనా కిందా నల్లటి పట్టీలు ఉంటాయి, ఆట కాస్త నెమ్మదిగా సాగుతుంది. అయినా ఆ డిస్కులో అమెరికా వారికి మొదట ఇవ్వని డార్క్ ఏయాన్లనే గట్టి శత్రువులు అదనంగా ఉన్నాయి కనుక నష్టమేమీ లేదు.

నేను అసలు చెప్పదలచింది మొదటి ప్లేస్టేషన్‌కు 2000లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 9 గురించి. పీఎస్2లో ఆ పాత డిస్కులు కూడా తిరుగుతాయి. దుకాణంలో "ఇదే కార్డు అన్నిటికీ పనికొస్తుంది" అని చెప్పి 8 ఎంబీ కార్డు అంటగట్టారు. అది అబద్ధం. పాత డిస్కు ఆటలు సేవ్ కావాలంటే 15 బ్లాకుల పాత కార్డే కావాలి. పాత సేవ్‌ను కొత్త కార్డులోకి నకలు తీసి దాచుకోవచ్చు గాని అందులో నుంచి ఆడలేము. ఆ సంగతి నాకు పదిహేను గంటల ఆట తరువాత తెలిసింది. ఎందుకంటే సేవ్ కావడం లేదని తెలిసిన మొదటి రోజు నుంచీ కార్డులోనే ఏదో చెడు ఉందనుకుని, యంత్రాన్ని ఆపకుండా టీవీ మాత్రం కట్టేసి పడుకునేవాణ్ణి. నాన్న తోట నుంచి వచ్చి, వెలుగుతున్న చిన్న పచ్చ దీపాన్ని చూసి, కరెంటు బిల్లు గుర్తొచ్చి, గోడ దగ్గర స్విచ్చి ఆపారు. ఆయన తప్పు లేదు. పాత కార్డు కోసం చెన్నై దాకా పోయి, మళ్లీ మొదటి డిస్కుతో మొదలుపెట్టి నాలుగు డిస్కులూ పూర్తి చేశాను. వీవీ అనే చిన్న మంత్రగాడు తాను ఎక్కడ, ఎందుకు తయారయ్యాడో తెలుసుకునే ఘట్టం రెండోసారి చూసినప్పుడే ఎక్కువ బాధ పెట్టింది.

మార్కాపురం పలక

నేను ఫైనల్ ఫాంటసీ 12 వైపు నిలబడతాను. 2006లో పీఎస్2 చివరి రోజుల్లో వచ్చింది. ఇందులో ప్రతి పాత్రకూ గాంబిట్లని ముందే రాసి పెట్టే ఆజ్ఞలు ఉంటాయి: మనవాడి ప్రాణం సగానికి తగ్గితే వైద్యం చెయ్యి, కనిపించిన శత్రువును కొట్టు, ఇలాంటివి. పై వరుస నుంచి కిందికి చూసుకుంటూ వచ్చి, మొదట ఏ షరతు నిజమైతే ఆ పని చేస్తారు. నేను మొదట్లో కొట్టడాన్ని పైన, వైద్యాన్ని కింద పెట్టాను. శత్రువు కనిపిస్తున్నంత సేపూ పై షరతే నిజం కనుక, పక్కవాడు చచ్చిపోతున్నా వైద్యుడు కత్తి దింపలేదు. వరుసలు తారుమారు చేయగానే దండు మొత్తం బాగుపడింది. తరువాత ఇంజనీరింగు మొదటి సంవత్సరంలో ప్రోగ్రామింగు పాఠంలో ఇఫ్, ఎల్స్ షరతులు చెబుతుంటే ఇది నాకు వచ్చిన విద్యే కదా అనిపించింది.

దీని మీద ఒక ఫిర్యాదు కూడా ఉంది. జోడియాక్ స్పియర్ అనే గొప్ప ఈటె సులువు దారిలో దక్కాలంటే ఆటలో వేర్వేరు చోట్ల ఉన్న నాలుగు పెట్టెలను తెరవకూడదు. ఆ నాలుగూ ఏవో ఆట ఎక్కడా చెప్పదు. పెట్టె కనిపిస్తే తెరవమని నేర్పిందే ఈ ఆటలు.

చీమకుర్తి రాయి, ఒంగోలు

పలక గారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను, గాంబిట్లు సరిగా రాసుకున్నాక మనకు మిగిలేది నడవడమే. నేను ఒకసారి భోజనం చేసి వచ్చేసరికి నా దండు పోరు ముగించి, ఊరికే నిలబడి ఉంది.

మార్కాపురం పలక

మీరు మజ్జిగ తాగి వస్తే శత్రువు ఆగడం గొప్పా, నేను భోజనం చేసి వస్తే పోరు ముగియడం లోపమా?

కావలి ప్యాసింజర్

పెద్దలిద్దరూ క్షమించాలి, పిల్లతో ఆడడానికి మీరు చెప్పిన రెండూ మొదటి మెట్టుకు బరువే. డ్రాగన్ క్వెస్ట్ 8 పెట్టండి. లెవెల్-5 సంస్థ తయారుచేయగా స్క్వేర్ ఎనిక్స్ 2004లో జపానులో విడుదల చేసిన ఈ ఆటకు బొమ్మలు గీసింది డ్రాగన్ బాల్ సృష్టికర్త అకిరా తొరియామా. శాపం వల్ల రాజు ఆకుపచ్చ కప్పలాంటి ఆకారమై, రాకుమారి బండి లాగే గుర్రమై, వారి వెంట కథానాయకుడు ఊరూరూ తిరుగుతాడు. పేదరాశి పెద్దమ్మ కథలు విన్న ఏ పిల్లకైనా ఇది రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. దూరాన కొండ మీద బురుజు కనిపిస్తే అది ఉత్త బొమ్మ కాదు, నడిచి అక్కడికి చేరవచ్చు. యాంగస్ మాట్లాడే లండన్ యాస ఇంగ్లీషు మాత్రం మీరు పక్కన ఉండి చెప్పవలసి వస్తుంది.

సేవ్ చేయడానికి చర్చికి వెళ్లి పాదిరిని అడగాలి. ఇంకా ఎంత అనుభవం కూడితే లెవెల్ పెరుగుతుందో కూడా ఆయనే చెబుతాడు. ఓడిపోతే ఆట ముగియదు, చర్చిలో లేస్తారు, సంపాదించిన అనుభవం పోదు, చేతిలో ఉన్న బంగారంలో మాత్రం సగం పోతుంది. అందుకే తరువాత బ్యాంకు కనిపించగానే వేలకు వేలుగా దాచుకోవాలి, అంతకు తక్కువ వాళ్లు తీసుకోరు. మెటల్ స్లైమ్ అనే లోహపు ముద్ద కనిపిస్తే వదలకండి. కత్తి దెబ్బకు ఒక పాయింటే తగ్గుతుంది, రెండు వంతులకే పారిపోవచ్చు, పట్టుకుంటే మాత్రం పండగే.

అమ్మాయి పెద్దయ్యాక 2008లో వచ్చిన పెర్సోనా 4 ఆడించండి. పట్నం నుంచి పల్లెకు వచ్చి, ఏడాది పాటు మేనమామ ఇంట్లో ఉండి చదువుకునే కుర్రవాడి కథ అది. మా అవ్వ మంచం మీద నుంచి చూస్తూ, మేనమామ కూతురు నానాకో ఇతణ్ణి అన్నయ్యా అనడం నేను తెలుగులో చెప్పగానే, "వరస తెలియని పిల్ల" అని నొచ్చుకుంది. జపానులో అలాగే పిలుస్తారని ఎంత చెప్పినా ఒప్పుకోలేదు.

పెన్నా ఒడ్డు, నెల్లూరు

అందరికీ కృతజ్ఞతలు. ప్యాసింజర్ గారి మాట ప్రకారం డ్రాగన్ క్వెస్ట్ 8 సంపాదించి శనివారం మొదలుపెట్టాము. పాల్ డిస్కే కావడంతో రంగులు వచ్చాయి. గూడూరు వారి కథ విన్నాక ప్రతి సేవ్‌నూ రెండు చోట్ల పెడుతున్నాను. మొదటి ఊరు ఫేర్‌బరీ దగ్గరి జలపాతం గుహలో గీజర్ అనే బాస్ చేతిలో ఇద్దరమూ రెండుసార్లు ఓడి చర్చిలో లేచాము. ఒకటో సారి ఏమీ అనలేదు గాని రెండోసారి సంచి తెరిచి చూసి, మిగిలిన బంగారం ఎంతో లెక్కపెట్టి, "ఆ సగం పాదిరి తీసుకున్నాడా, లేక గుహలో పడిపోయిందా?" అని అమ్మాయి అడిగింది. గుహలో పడి ఉంటే వెళ్లి వెతుకుదామంటోంది. మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.