డబుల్ బాటమ్ దాటిన ధర మళ్లీ కిందికి వచ్చింది: తప్పు నేను గీసిన గీతలో ఉందా, పద్ధతిలోనే ఉందా?

ప్రశ్న అడిగినవారు: గోదావరి గట్టు

సభ్యులందరికీ నమస్కారం. నేను రాజమహేంద్రవరంలో ఇంటర్మీడియట్ విద్యార్థులకు గణితం బోధిస్తాను. ఇంటి అవసరాలతో సంబంధం లేని 3 లక్షల రూపాయలను పక్కన పెట్టి, ఎనిమిది నెలలుగా చార్టు నమూనాలను చదువుతూ, డెలివరీ పద్ధతిలో, అంటే ఆ రోజే అమ్మేయకుండా ఖాతాలోకి తీసుకుని, షేర్లు కొని అమ్ముతున్నాను. రాబోయే ధరల మీద కట్టే ఒప్పందాలైన ఫ్యూచర్స్, ఆప్షన్స్ జోలికి పోలేదు.

ఒక మధ్యతరహా ఔషధ కంపెనీ షేరు 412 రూపాయల దగ్గర ఒకసారి, అయిదు వారాల తర్వాత 415 దగ్గర మరొకసారి ఆగి పైకి లేచింది. ఆ రెండింటి నడుమ వచ్చిన శిఖరం 460. పుస్తకాల్లో చెప్పే డబుల్ బాటమ్ ఇదేనని, ఆ శిఖరం దగ్గరి గీత, అంటే నెక్‌లైన్, 460 దాటితే నమూనా పూర్తయినట్టేనని, దాని ఎత్తు 48 రూపాయలు కలిపితే లక్ష్యం 508 అవుతుందని లెక్క కట్టాను. ధర 460 పైన ముగిసిన మరునాడు ఉదయం 463 చొప్పున 300 షేర్లు కొన్నాను. ఆ రోజే 474 వరకూ వెళ్లింది. మూడో రోజుకు 460 కిందికి జారింది. వారం తిరిగేలోపు 431కి అమ్ముకుని బయటపడ్డాను. నష్టం 9,600 రూపాయలు.

పోయిన డబ్బుకన్నా ఒక సందేహం నన్ను ఎక్కువగా వేధిస్తోంది. నేను నమూనాను తప్పుగా గుర్తించానా, లేక సరిగ్గా గుర్తించినా ఇలాగే జరుగుతుందా? సరిగ్గా గుర్తించినా ఇలాగే జరిగేటట్లయితే ఈ చదువుకు అర్థమేమిటి? అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.

జవాబు: యార్డు వీధి, గుంటూరు

నమస్కారం మాస్టారూ. మీరు గీసిన గీతలో నాకు తప్పు కనిపించలేదు. అయితే ఆ గీత దగ్గర ధర ఎందుకు తడబడుతుందో తెలిస్తే మీ సందేహంలో సగం తీరుతుందని నా నమ్మకం.

మాది మిర్చి వ్యాపారం చేసే కుటుంబం. క్వింటాలు 20 వేలు పలికినప్పుడు ఇంకా పెరుగుతుందని అమ్మకుండా ఆగిన రైతు, ధర 14 వేలకు పడిపోయాక బస్తాలను కోల్డ్ స్టోరేజీలో పెట్టి, మళ్లీ ఆ 20 వేలు ఎప్పుడు వస్తాయా అని ఎదురుచూస్తాడు. ఆ ధర తిరిగి వచ్చిన రోజున అతనొక్కడే కాదు, అతనిలా ఆగినవాళ్లందరూ ఒకేసారి సరుకును యార్డుకు తెస్తారు. వచ్చిన సరుకంతటినీ కొనేవాళ్లు ఉంటే ధర పైకి పోతుంది, లేకపోతే అక్కడినుంచే వెనక్కి మళ్లుతుంది. చార్టులో రెసిస్టెన్స్ అని మనం గీసే గీత ఈ జ్ఞాపకమే. మీ షేరులో 460 దగ్గర కొని ఇరుక్కున్నవాళ్లు, అసలు చేతికి వస్తే చాలునని అయిదు వారాలుగా కాచుకుని ఉన్నారు. మీరు కొన్న రోజున మీకు అమ్మినవారిలో వాళ్లూ ఉండి ఉంటారు. అందుకే ధర గీతను దాటే బ్రేకవుట్ రోజున ధరతోపాటు వాల్యూమ్ కూడా చూడమంటారు. అంతకుముందు ఇరవై రోజుల సగటుకన్నా ఆ రోజు చేతులు మారిన షేర్ల సంఖ్య స్పష్టంగా ఎక్కువగా ఉంటేనే, ఆ అమ్మకాన్ని మింగగలిగిన కొనుగోలుదారులు వచ్చారని అనుకోవచ్చు. మీ ప్రశ్నలో వాల్యూమ్ ప్రస్తావన లేదు. ఆ రోజు ధరను చూపే క్యాండిల్ కింద, వాల్యూమ్‌ను చూపే కడ్డీని మరొకసారి చూడండి.

రెండో సంగతి. చార్టుకు తెలిసేది జరిగిపోయిన కొనుగోళ్లు, అమ్మకాలు మాత్రమే. మన హైదరాబాద్ ఐటీ కంపెనీ సత్యం చార్టును ఎవరైనా ఒకసారి తెరిచి చూడాలి. 2008 డిసెంబరులో, ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీల కొనుగోలు ప్రకటనతో కుప్పకూలిన ఆ షేరు నెలాఖరుకు కోలుకోవడం మొదలుపెట్టి, 2009 జనవరి 6న 179 రూపాయల ప్రాంతంలో ముగిసింది. ఆ కొద్ది రోజుల క్యాండిల్స్‌ను మాత్రమే చూసినవారికి అది చక్కని పునరుద్ధరణగానే కనిపించింది. మరునాడు, కంపెనీ లెక్కలు తప్పుడువని ఒప్పుకుంటూ రామలింగరాజు రాసిన లేఖ బయటపడింది, షేరు 40 రూపాయల దగ్గర ముగిసింది. గీతలన్నీ సరిగ్గానే ఉన్నాయి, లేఖ మాత్రం చార్టులో లేదు. అంత పెద్ద ఘటన ప్రతిరోజూ జరగదు కానీ, త్రైమాసిక ఫలితాలు ఏడాదికి నాలుగుసార్లు తప్పకుండా వస్తాయి. ఫలితాలను ఆమోదించే బోర్డు సమావేశం తేదీని కంపెనీలు ముందుగానే ఎక్స్చేంజీకి తెలియజేస్తాయి, ఆ సమాచారం నేషనల్ స్టాక్ ఎక్స్చేంజీ (ఎన్‌ఎస్‌ఈ) వెబ్‌సైటులో అందరికీ కనిపిస్తుంది. మీరు కొన్న వారంలో ఆ కంపెనీ ఫలితాలు ఉన్నాయేమో చూడండి.

ఇక, పుస్తకాల్లో మనం చూసే బొమ్మలు చాలావరకు ఫలించిన నమూనాల బొమ్మలే. నేను చేసిన పని ఒకటి చెబుతాను. చార్టును మూడేళ్ల వెనక్కి జరిపి, తెరమీద కుడివైపు సగాన్ని దళసరి అట్టతో కప్పి, ఒక్కొక్క క్యాండిల్ కనబడేలా అట్టను జరుపుతూ, డబుల్ బాటమ్ అని మనసుకు తోచిన ప్రతిచోటా అక్కడికక్కడే నోటుబుక్కులో తేదీ, నెక్‌లైన్, వాల్యూమ్, లక్ష్యం, తప్పని ఒప్పుకునే ధర రాశాను. రాసిన తర్వాతే అట్ట జరిపాను. అట్ట లేనప్పుడు ప్రతి పేజీలోనూ స్పష్టంగా కనిపించిన నమూనాలు, అట్ట ఉన్నప్పుడు ఎంత అస్పష్టంగా ఉంటాయో ఆ నోటుబుక్కు నాకు చూపించింది. నెక్‌లైన్ దాకా రాకుండానే మూడోసారి కిందికి పోయినవి, దాటి వెనక్కి వచ్చినవి, దాటి అక్కడే నెలల తరబడి నిలబడిపోయినవి ఎన్నో కనిపించాయి. గణితం చెప్పేవారు కాబట్టి మీకు ఈ పని నాకన్నా సులువు.

జవాబు: లెక్కల పుస్తకం

పై జవాబుతో ఏకీభవిస్తూ, అంకెల వైపునుంచి కొంత చేరుస్తాను.

ఈ నమూనాలకు అసలు విలువ ఉందా అన్న ప్రశ్నను పరిశోధకులు కూడా వేసుకున్నారు. 2000లో ఆండ్రూ లో, మరి ఇద్దరు కలిసి 1962 నుంచి 1996 వరకు అమెరికా షేర్ల ధరలను తీసుకుని, హెడ్ అండ్ షోల్డర్స్, డబుల్ బాటమ్ వంటి నమూనాలను మనిషి కంటితో కాక కంప్యూటరుతో గుర్తించి పరీక్షించారు. వీటిలో కొన్ని నమూనాల తర్వాత ధరల ప్రవర్తన మామూలు రోజులకన్నా భిన్నంగా ఉందని, అంటే వాటిలో కొంత సమాచారం ఉందని తేల్చారు. అయితే సమాచారం ఉండటం, దానితో ఖర్చులు పోను లాభం రావడం ఒకటి కాదని కూడా వారు జాగ్రత్తగానే చెప్పారు. మాస్టారి ప్రశ్నకు నేను ఇవ్వగల జవాబు దాదాపు ఇదే. నమూనాలో ఎంతో కొంత మొగ్గు ఉంటుంది, ఆ మొగ్గు చిన్నది, దాన్ని తినేసేవి చాలా ఉన్నాయి.

తినేసేవాటిలో మొదటిది ఖర్చు. డెలివరీలో మీకు ఇది అంతగా తెలియకపోవచ్చు కానీ, ఇదే నమూనాలను అయిదు నిమిషాల చార్టు మీద వాడేవారి సంగతి చూడండి. ఆర్డరుకు 20 రూపాయలు తీసుకునే బ్రోకరు దగ్గర 50 వేల రూపాయల షేర్లు కొని అదే రోజు అమ్మితే, బ్రోకరేజీ 40 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ 7.20, అమ్మకం మీద 0.025 శాతం చొప్పున ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీ పన్ను) 12.50. ఇవి మూడే దాదాపు 60 రూపాయలు, ఎక్స్చేంజీ చార్జీలు, స్టాంపు డ్యూటీ అదనం. రోజుకు అయిదుసార్లు, నెలకు ఇరవై రోజులు ఇలా చేస్తే నెలకు 6 వేలు. లక్ష రూపాయల పెట్టుబడి ఉన్న మనిషి నెలకు 6 శాతం సంపాదిస్తే ఇంకా సున్నా దగ్గరే నిలబడి ఉంటాడు.

మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అధ్యయనాలు చెప్పిందీ ఇదే. 2022-23లో నగదు విభాగంలో ఇంట్రాడే (అదే రోజు కొని అమ్మడం) చేసిన వ్యక్తుల్లో ప్రతి పదిమందికీ ఏడుగురు నష్టపోయారు. ఏడాదికి 500కన్నా ఎక్కువ ట్రేడ్లు చేసినవారిలో ఆ వాటా 80 శాతం. నష్టపోయినవారు తమ ట్రేడింగ్ నష్టానికి పైన మరో 57 శాతం ఖర్చుల రూపంలో కట్టారు. ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లోనైతే 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో 93 శాతం మంది వ్యక్తిగత ట్రేడర్లు నష్టపోగా, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. ఫ్యూచర్స్, ఆప్షన్స్ జోలికి పోలేదని మీరు రాసిన ఆ ఒక్క వాక్యం చదివి నాకు నిజంగా సంతోషం కలిగింది.

అట్ట పరీక్ష చేసేవారికి ఒక జాగ్రత్త. ఎన్‌ఎస్‌ఈ ఇచ్చే రోజువారీ ధరల పట్టిక భావ్‌కాపీ నుంచి మీరే చార్టు గీస్తే బోనస్ (ఉచితంగా ఇచ్చే షేర్లు), స్ప్లిట్ (ఒక షేరును కొన్నిగా విభజించడం) సర్దుబాట్లు అందులో ఉండవు. 2024 అక్టోబరు 28న రిలయన్స్ షేరు, ఒక షేరుకు మరొకటి ఇచ్చే 1:1 బోనస్ కారణంగా దాదాపు సగం ధరకు మారింది. సర్దుబాటు లేని చార్టులో అది ఘోరమైన పతనంలా కనబడుతుంది, ఒక్క రూపాయి కూడా ఎవరికీ పోలేదు.

జవాబు: ఓరుగల్లు వాసి

ఇద్దరూ చెప్పిన మాటలు సరైనవే కానీ, వాటిని చదివినవారు చార్టును పూర్తిగా పక్కన పెడతారేమోనని నా భయం. నేను నమూనాలు గీయను. నిఫ్టీ సూచీకి 200 రోజుల చలన సగటు, అంటే గత 200 రోజుల ముగింపుల సగటు, ఒక్కటే చూస్తాను. సూచీ దాని కిందికి వస్తే అమ్ముతాను, పైకి చేరితే కొంటాను. 2020 ఫిబ్రవరి చివరి వారంలో నిఫ్టీ ఆ సగటు కిందికి వచ్చి, 28న 11,201 దగ్గర ముగిసింది. మార్చి 23న 7,610కి పడిపోయింది. మళ్లీ సగటు పైకి చేరింది జులైలో, సుమారు 11 వేల దగ్గర. అంటే అమ్మిన ధరకూ తిరిగి కొన్న ధరకూ పెద్ద తేడా లేదు. లాభం కోసం చూస్తే ఈ పద్ధతి నాకు ఏమీ ఇవ్వలేదు. కానీ ఆ మార్చి నెలలో మా ఇంట్లో నాన్నగారి చికిత్సకు డబ్బు అవసరమైనప్పుడు, 7,610 దగ్గర అమ్ముకోవలసిన దుస్థితి నాకు రాలేదు. మార్కెట్ అటూ ఇటూ ఊగే సంవత్సరాల్లో ఇదే సగటు పదేపదే కొనిపించి, అమ్మించి విసిగిస్తుందన్నది కూడా నిజమే. ఆ చిన్న చిన్న నష్టాలను నేను బీమా ప్రీమియంలా భావిస్తాను.

గోదావరి గట్టు

ముగ్గురికీ కృతజ్ఞతలు. యార్డు వీధి గారు చెప్పినట్టే చూశాను. బ్రేకవుట్ రోజు వాల్యూమ్ ఇరవై రోజుల సగటుకన్నా తక్కువే ఉంది. నేను కొన్న నాలుగో రోజున ఫలితాలు ఉన్నాయి, బోర్డు సమావేశం నోటీసు పది రోజుల ముందే ఎన్‌ఎస్‌ఈలో ఉంది. రెండూ నా కళ్లముందే ఉన్నా నేను గీతనే చూశాను. నిన్నటినుంచి అట్ట పరీక్ష మొదలుపెట్టాను, పద్నాలుగు నమూనాలు రాశాను. ఒక సందేహం మిగిలింది. స్టాప్‌లాస్‌ను, అంటే నష్టం పెరగకుండా అమ్మేసే ధరను, షేరు ఆగి లేచిన రెండు ధరలకూ కింద, 410 దగ్గర పెట్టాలా, నెక్‌లైన్‌కు కొంచెం కింద పెట్టాలా?

జవాబు: యార్డు వీధి, గుంటూరు

మీ అంకెలతోనే చూద్దాం. 463కు కొని 410 దగ్గర స్టాప్‌లాస్ పెడితే, పోగొట్టుకోవడానికి సిద్ధపడింది 53 రూపాయలు, లక్ష్యం 508 వరకు రాగలిగింది 45. అంటే నూటికి 54సార్లకు పైగా గెలిస్తేనే, ఖర్చులు లెక్కించకుండానే, అసలు నిలబడుతుంది. అంత చిన్న మొగ్గు ఉన్న నమూనా దగ్గర నేను ఆ పందెం కట్టను. నెక్‌లైన్ కింద 446 దగ్గర పెడితే పోయేది 17, వచ్చేది అదే 45, నూటికి 28సార్లు గెలిచినా అసలు దక్కుతుంది. కాకపోతే అంత దగ్గరి స్టాప్‌లాస్ మామూలు ఒడుదొడుకులకే చాలాసార్లు తగులుతుంది. రెండింటిలో ఏది మేలో మీ నోటుబుక్కే చెప్పాలి, ప్రతి నమూనాకు రెండు స్టాప్‌లాస్‌లూ రాసుకోండి.

స్టాప్‌లాస్ ఎక్కడ పెట్టినా షేర్ల సంఖ్య దానినుంచే రావాలి. 3 లక్షల్లో ఒక శాతం, అంటే 3,000 రూపాయలకు మించి ఒక ట్రేడులో పోకూడదనుకుంటే, 410 స్టాప్‌లాస్‌కు 56 షేర్లు, 446కైతే 176 షేర్లు. మీరు కొన్నవి 300.

ఇంకొక సంగతి. స్టాప్‌లాస్ లిమిట్ ఆర్డరులో, ఆర్డరును కదిలించే ట్రిగ్గర్ ధరకూ, అంతకన్నా తక్కువకు అమ్మవద్దని చెప్పే లిమిట్ ధరకూ నడుమ తగినంత ఎడం ఉంచండి. ఫలితాల మరునాడు షేరు ఒక్కసారిగా కింద తెరుచుకుని మీ లిమిట్ ధరను దాటేస్తే, ఆర్డరు ట్రిగ్గర్ అయినా అమ్మకం జరగదు, షేర్లు మీ దగ్గరే ఉండిపోతాయి. అందుకే ఫలితాలు వారంలోపు ఉన్న షేరును నేను నోటుబుక్కులో రాసుకుంటాను కానీ కొనను.