అప్‌డేట్: ఫైల్ వెతికితే షాపింగ్ బొమ్మలు వస్తున్న సంగతి తేలింది (విండోస్‌లాంటి ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు, 14.04 వెర్షన్)

మే 2016. గుంటూరు మిర్చి యార్డు దగ్గర మా నాన్నగారి కమీషన్ కొట్లో ఉన్న కంప్యూటర్ గురించి అడిగాను కదా. డాష్‌లో, అంటే ఉబుంటులో ఫైళ్లూ ప్రోగ్రాములూ వెతికే పెట్టెలో, రైతు పేరు కొట్టి ఖాతా ఫైల్ వెతికితే, కింద అమ్మకపు వస్తువుల బొమ్మలు కనబడేవి. పేర్లు బయటికి పోతున్నాయేమోనని టెన్షన్. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పోతున్న మాట నిజమే, కానీ అది వైరస్ కాదు. 2012 అక్టోబరులో వచ్చిన 12.10 వెర్షన్ నుంచి సిస్టమ్‌లోనే ఉన్న ఫీచర్. డాష్‌లో కొట్టిన మాట ఉబుంటు తయారుచేసే కానానికల్ కంపెనీ సర్వర్‌కి, అక్కడి నుంచి అమెజాన్‌కి వెళ్లేది. ఫైల్ లోపలి లెక్కలు వెళ్లేవి కావు. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ అప్పట్లోనే దీన్ని స్పైవేర్ (గూఢచారి సాఫ్ట్‌వేర్) అన్నాడు, నాకైతే ఆ మాట ఎక్కువేమీ అనిపించలేదు.

అరండల్‌పేటలో రిపేర్లు చేసే అబ్బాయి ముందు నెట్ కేబుల్ పీకి 'తేజ' అని కొట్టి చూపించాడు. మా తేజ మిర్చి ఫైళ్లు మాత్రమే వచ్చాయి. కేబుల్ పెట్టగానే పాటల ఆల్బమ్‌లూ, ఇంకేవేవో దిగాయి.

పనిచేసిన సలహా: సిస్టమ్ సెట్టింగ్స్, సెక్యూరిటీ అండ్ ప్రైవసీ, సెర్చ్ ట్యాబ్, అందులో ఆన్‌లైన్ ఫలితాల స్విచ్ ఆఫ్. బ్రౌజర్ కుకీలు తుడవడం, యాంటీవైరస్, రౌటర్ పాస్‌వర్డ్ మార్చడం, వీటికీ దీనికీ సంబంధం లేదు.

2016 ఏప్రిల్‌లో వచ్చిన 16.04 వెర్షన్‌లో ఆ స్విచ్ మొదటి నుంచే ఆఫ్‌లో ఉంటుంది. అందులో స్క్రీన్ పక్కనున్న అమెజాన్ ఐకాన్ వట్టి షార్ట్‌కట్. అక్కర్లేకపోతే రైట్ క్లిక్ చేసి తీసేయండి.