అద్దె కారులో మర్చిపోయిన నాన్నగారి వాచీ: ఏం చేయాలి?

అందరికీ నమస్కారమండీ. మొన్న ఆదివారం సెల్ఫ్ డ్రైవ్ కారు అద్దెకు తీసుకుని హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లొచ్చాం. రాత్రి 11 దాటాక, పిల్లలు నిద్రలో ఉండగా హడావుడిగా కారు అప్పగించేశాం. వెనక సీటు జేబులో చిన్న గుడ్డసంచి ఉండిపోయింది. అందులో అమ్మ బీపీ మాత్రలు, కళ్లజోడు, నాన్నగారి హెచ్‌ఎంటీ వాచీ ఉన్నాయి. మాత్రలు మళ్లీ కొన్నాం. వాచీ మాత్రం అలా దొరికేది కాదు. పట్టీ తెగితే నాన్నగారే నల్లదారంతో కుట్టుకున్నారు. ఆయన పోయాక అమ్మ ఎక్కడికెళ్లినా దాన్ని వెంట తీసుకెళ్తుంది.

పొద్దున్నే ఫోన్ చేస్తే, కారు అప్పటికే వేరేవాళ్లకు ఇచ్చేశామన్నారు. ఇప్పుడేమో ఏమీ దొరకలేదంటున్నారు. కారు తీసుకునేటప్పుడు నేను తీసిన వీడియో ఉంది, తిరిగిచ్చేటప్పుడు తీయలేదు.

నా తర్వాత కారు తీసుకున్నవాళ్లను అడగమని కంపెనీని గట్టిగా కోరవచ్చా? పోలీసులకు పోయిన వస్తువుగా ఫిర్యాదు ఇవ్వాలా, లేక ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పాలా? ఇలా పోగొట్టుకుని తిరిగి సంపాదించుకున్నవాళ్లెవరైనా ఉంటే, ఏం చేశారో దయచేసి చెప్పండి. అమ్మ రోజూ అడుగుతోంది.