ఐబీఎస్‌తో మన తిండి: తిరుపతి, చిత్తూరు వంటిళ్లలో ఎవరికి ఏది పడింది?

అలిపిరి ఉద్యోగి:
అందరికీ నమస్కారం. రక్తపరీక్షలు, స్కానింగు, కొలనోస్కోపీ అన్నీ అయ్యాక పేగులో పుండు లేదు, వాపు లేదు, ఇది ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అని డాక్టరు తేల్చారు. నాది విరేచనాలు ఎక్కువయ్యే రకం. ఉదయం రేణిగుంట బస్సు ఎక్కే ముందు కడుపు మెలిపెడుతుంది. దారిలో మళ్లీ వస్తుందేమోనన్న భయంతో ఏమీ తినకుండానే ఆఫీసుకు వెళ్తున్నాను. ఆహారపట్టిక ఒకటి ఇచ్చారు గానీ అందులో క్వినోవా, బ్లూబెర్రీలు, బాదంపాలు ఉన్నాయి. ఇడ్లీ, సంకటి, పప్పు, పెరుగు తినే ఇంట్లో దాన్ని ఎలా పాటించాలి? ఉల్లిపాయ నిజంగా మానాలా? పెరుగు సరిపోతుందా, మేలుచేసే బాక్టీరియా ఉండే ప్రోబయాటిక్ క్యాప్సూల్ కూడా కావాలా? ఇక్కడివారి అనుభవం కావాలి.

పలమనేరు కోడలు:
మీరు అడిగినవాటిలో ఉల్లిపాయ సంగతి ముందు చెబుతాను, నాకు దారి దొరికింది అక్కడే. తిరుమలకు వెళ్లినప్పుడల్లా కడుపు హాయిగా ఉండేది. వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో అన్నం, సాంబారు, రసం, మజ్జిగ అన్నీ తినేదాన్ని. ఇంటికి వచ్చి అదే అన్నం, అదే సాంబారు తింటే సాయంత్రానికి కడుపు డోలులా బిగుసుకునేది. పప్పు అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. చింతపండూ అంతే. తేడా ఏమిటని ఆలోచిస్తే, కొండమీద ప్రసాదాల్లో ఉల్లి, వెల్లుల్లి వేయరు. మా ఇంట్లో అవి లేకుండా కూర దిగదు.

ముందు ముక్కలు ఏరి పక్కన పెట్టి తినేదాన్ని, దానివల్ల ఏమీ తగ్గలేదు. ఉల్లి, వెల్లుల్లిలో ఫ్రక్టాన్ అనే, పేగులో అరగని ఒక రకం చక్కెర ఉంటుంది, అది నీటిలో కరుగుతుంది. అంటే సాంబారులో ఉడికిన ఉల్లిపాయను తీసేసినా అసలుది పులుసులోకి దిగిపోయే ఉంటుంది. అయితే అది నూనెలో కరగదు. అందుకే వెల్లుల్లి రెబ్బలను నూనెలో వేయించి, పూర్తిగా తీసేసి, ఆ నూనెతో తాలింపు పెడతాను. వాసనకు లోటు లేదు. ఆ నూనెను ఏ పూటకు ఆ పూటే వాడండి, సీసాలో పోసి బయట నిల్వ చేయడం ప్రమాదం. ఉల్లికాడల్లో పచ్చటి భాగం కూడా నాకు పడింది, తెల్లటి గడ్డ పడలేదు. ఇంగువ కొనేటప్పుడు డబ్బా మీద చూడండి, చాలావాటిలో గోధుమపిండో మైదానో కలుపుతారు.

ఇంట్లో వేరే వంట పెట్టుకోలేదు. ఉమ్మడి కుటుంబంలో అది సాగదు. పప్పు ఉడికాక ఉల్లి వేయకముందే నాకు ఒక గిన్నె తీసి పక్కన తాలింపు వేసుకుంటాను. మొదట్లో మా అత్తగారు నొచ్చుకున్నారు. ఇప్పుడు నాకంటే ముందు ఆవిడే తీసిపెడుతున్నారు.

శ్రీకాళహస్తి మాస్టారు:
నాది మలబద్ధకం రకం. పీచు తినమన్నారని గోధుమ తవుడు కలిపిన రొట్టెలు తింటే ఉబ్బరం, నొప్పి రెండూ పెరిగాయి. తరువాత డాక్టరు ఇసబ్గోల్ రాశారు. కరిగే పీచు, కరగని పీచు ఒకటి కాదని అప్పుడు తెలిసింది. చెంచాలో సగంతో మొదలుపెట్టి మెల్లగా పెంచాను, నిండుగా నీళ్లు తాగాను. ఐబీఎస్‌కు తవుడు కంటే ఇసబ్గోల్ వంటి కరిగే పీచు మేలని వైద్య మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. ఒక్కసారిగా రెండు చెంచాలు వేసుకుంటే మాత్రం గ్యాస్ తప్పదు.

ఆహార నిపుణురాలు, తిరుపతి:
కోడలు గారి పరిశీలన చాలా బాగుంది. ఒక మాట చేరుస్తాను. కొండకు వెళ్లినప్పుడు ఆఫీసు ఒత్తిడి ఉండదు, నడక ఉంటుంది, నిద్రవేళలు మారతాయి. పేగుకూ మెదడుకూ మధ్య నరాల సంబంధం ఈ జబ్బులో పెద్ద భాగం. కాబట్టి తిరుమలలో కనిపించిన తేడాను ఇంట్లో, మామూలు పనిదినాల్లో పరీక్షించి చూడాలి. ఆవిడ అదే చేశారు, అందుకే ఆ ఫలితం నమ్మదగినది.

అలిపిరి గారికి ఇచ్చింది ఫాడ్‌మ్యాప్ తక్కువగా ఉండే ఆహారపట్టిక అయి ఉంటుంది. ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2005 నుంచి దీన్ని రూపొందిస్తూ వచ్చారు. ఫాడ్‌మ్యాప్‌లు అంటే పేగులో పూర్తిగా ఇంకని కొన్ని రకాల చక్కెరలు. చిన్నపేగులోకి నీటిని లాగుతాయి, పెద్దపేగులో బాక్టీరియా వాటిని పులియబెట్టి గ్యాస్ పుట్టిస్తుంది, దాంతో పేగు సాగుతుంది. ఇది అందరిలోనూ జరిగేదే. ఐబీఎస్ ఉన్నవారి పేగు నరాలు ఆ సాగుడును నొప్పిగా గుర్తిస్తాయి.

అందరూ వదిలేసే విషయం ఒకటుంది: ఇది జీవితాంతం తినే పథ్యం కాదు. రెండు నుంచి ఆరు వారాలు మాత్రమే మానాలి. ఈలోపు తేడా కనిపించకపోతే ఆపేయాలి. తేడా కనిపిస్తే ఒక్కొక్క రకాన్ని మూడేసి రోజులు, పరిమాణం పెంచుతూ తిరిగి తిని చూడాలి. పాలు ఒకసారి, గోధుమ ఒకసారి, ఉల్లి, వెల్లుల్లి వేర్వేరుగా, శనగలు ఒకసారి. పడనివాటిని మాత్రమే తగ్గించుకుని మిగతావన్నీ తినాలి. మొదటి దశలోనే ఏళ్ల తరబడి ఉండిపోయి, చిక్కి, తినడమంటేనే భయపడేవారిని నేను చూస్తుంటాను. మేలుచేసే బిఫిడోబాక్టీరియా కూడా ఆ కట్టడిలో తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది.

మన తిండిలో వరి అన్నం నిర్భయంగా తినండి. క్యారట్, బీన్స్, వంకాయ, దోసకాయ, పాలకూర, వేరుశనగలు మామూలు పరిమాణంలో సాధారణంగా పడతాయి. కాలీఫ్లవర్, పుట్టగొడుగులు, రాజ్మా, జీడిపప్పు, పుచ్చకాయ మొదటి దశలో వద్దు. పప్పుల్లో పెసరపప్పు కొద్దిగా, బాగా ఉడికించి తినవచ్చు. శనగలు, అలసందలు రాత్రి నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో ఉడికిస్తే గ్యాస్ కలిగించే చక్కెరలు కొంత తగ్గుతాయి.

చిత్తూరు పాడిరైతు:
ఇంత లెక్క మా పెద్దవాళ్లకు తెలియదు. చద్దన్నంలో మజ్జిగ పోసుకుని పొలానికి వెళ్లేవారు. నాకు ఐబీఎస్ అన్నాక పాలు, టీ ఆపి చద్దన్నం, పలుచటి మజ్జిగ మొదలుపెట్టాను. ఉబ్బరం సగానికి తగ్గింది. ఇంట్లో ఇంత మంచి పెరుగు ఉండగా డబ్బుపోసి క్యాప్సూల్స్ ఎందుకని నా అభిప్రాయం.

మందుల షాపు:
అన్నా, పెరుగు విషయంలో మీతో ఏకీభవిస్తాను. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను పెరుగు బాక్టీరియా కొంత తినేస్తుంది, మిగిలినది అరగడానికీ సాయపడుతుంది. దక్షిణ భారతంలో పెద్దవాళ్లయ్యాక పాలు అరగనివారు చాలామంది. మీకు మేలు జరిగింది చద్దన్నం వల్లనా, పాలు ఆపినందువల్లనా అన్నది ఒక్కొక్కటిగా చూస్తేనే తెలుస్తుంది.

ప్రోబయాటిక్ వేరే సంగతి. ఇంటి తోడులో ఏ బాక్టీరియా ఎంత ఉందో ఇంటింటికీ మారుతుంది. క్యాప్సూల్ మీద జాతి పేరుతోపాటు రకం సంఖ్య కూడా ఉండాలి, ఎందుకంటే పరీక్షలు జరిగింది ఆ రకాల మీదే. ఉదాహరణకు లాక్టోబాసిలస్ ప్లాంటారమ్ 299వి. మన దేశంలోనే 214 మంది ఐబీఎస్ రోగులకు 4 వారాలు ఇచ్చి చూశారు. నొప్పి, ఉబ్బరం తగ్గాయని 2012లో ప్రచురించారు. 2014లో దక్షిణాఫ్రికావారు అదే రకంతో చేసిన పరీక్షలో ఉత్తుత్తి మాత్రకంటే మేలేమీ కనిపించలేదు. అందుకే పెద్ద సంస్థలు కూడా ఒక్క మాట మీద లేవు. అమెరికా జీర్ణకోశ (గ్యాస్ట్రో) వైద్యుల సంఘం 2021లో ఐబీఎస్‌కు ప్రోబయాటిక్స్ సూచించలేమంది. అదే ఏడాది బ్రిటన్ గ్యాస్ట్రో వైద్యుల సంఘం, కావాలంటే 12 వారాల వరకు వాడి చూడండి, తగ్గకపోతే ఆపండి అంది.

మా అంగడికి వచ్చేవారిలో ఎక్కువమంది బాసిలస్ క్లాసీ అనే ప్రోబయాటిక్ సీసాలు అడుగుతారు. యాంటీబయాటిక్స్‌తోనో, విరేచనాలకో రాసినది చూసి, అదే ఐబీఎస్‌కూ మందనుకుని నెలల తరబడి కొంటారు. నాకు అమ్మకమే అయినా ఆపమని చెబుతాను. వాడాలనుకుంటే ఒకే రకం వాడండి, ఆ సమయంలో తిండిలో ఇంకే మార్పూ చేయకండి, నొప్పి, ఉబ్బరం, విరేచనాల తీరు కాగితం మీద రాయండి. కీమోథెరపీలో ఉన్నవారు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు డాక్టరును అడగకుండా ముట్టకూడదు.

చిత్తూరు పాడిరైతు:
నిజమే, రెండూ ఒకేసారి మార్చాను. చద్దన్నం అలాగే ఉంచి గ్లాసుడు పాలు తాగి చూస్తాను.

బంగారుపాళెం మామిడితోట:
వేసవిలో బేనీషా కాయలు పండినప్పుడు మా ఇంట్లో అన్నం మానేసి మామిడిపండ్లే తింటాం. నా కడుపుకు అవే ఏడాదిలో కష్టమైన రోజులు. పూర్తిగా మానాలా?

ఆహార నిపుణురాలు, తిరుపతి:
అక్కర్లేదు. మామిడిలో గ్లూకోజ్ కంటే ఫ్రక్టోజ్ ఎక్కువ, అదీ సమస్య. ఫ్రక్టోజ్ పడుతుందో లేదో చూడటానికి మామిడినే వాడతాం. భోజనం తరువాత రెండు చిన్న ముక్కలతో మొదలుపెట్టండి. ఎంతవరకు పడితే అంతవరకు మీ హక్కు. బొప్పాయి, కమలా మీకు తేలికగా ఉండవచ్చు. అరటిపండు బాగా మగ్గినదానికంటే కాస్త గట్టిగా ఉన్నది మంచిది.

నర్సు, చిత్తూరు:
ఇది చదివి ఎవరూ తమంతట తామే ఐబీఎస్ అని నిర్ణయించుకోవద్దు. ఐబీఎస్‌ను గుర్తించడానికి డాక్టర్లు వాడే రోమ్ 4 ప్రమాణాల ప్రకారం గత మూడు నెలల్లో సగటున వారానికి ఒక్కరోజైనా కడుపునొప్పి ఉండాలి, ఆ నొప్పికి విరేచనంతో సంబంధం, విరేచనం ఎన్నిసార్లన్నదానిలో మార్పు, మలం రూపంలో మార్పు, ఈ మూడింటిలో రెండైనా ఉండాలి, లక్షణాలు మొదలై ఆరు నెలలైనా కావాలి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, రక్తహీనత, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు, యాభై దాటాక కొత్తగా మొదలైన మార్పు, ఇంట్లో పెద్దపేగు క్యాన్సర్ చరిత్ర: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ముందు పరీక్షలు, తరువాతే పథ్యం. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రిలో గ్యాస్ట్రో విభాగం ఉంది. మొలలే అనుకుని ఊళ్లో పసరు మందు తాగుతూ గడిపి, ఆలస్యంగా వచ్చినవారిని చూశాను. దయచేసి వాయిదా వేయకండి.

అలిపిరి ఉద్యోగి:
అందరికీ ధన్యవాదాలు. నర్సు గారు చెప్పిన లక్షణాలు నాకు లేవు, డాక్టరు కూడా అవే అడిగారు. ముందు ఉల్లి, వెల్లుల్లి మాత్రమే ఆపి చూస్తాను, క్యాప్సూల్ తరువాత. ఉదయం సంగతి ఎవరూ చెప్పలేదు. ఖాళీ కడుపుతో వెళ్లడం మంచిదేనా? ఆఫీసు పక్కన టిఫిన్ అంగడి ఒకటే ఉంది.

పలమనేరు కోడలు:
ఖాళీ కడుపున కాఫీ పోస్తే పేగు ఇంకా వేగంగా కదులుతుంది, ముందు అది ఆపండి. గంట ముందు లేచి రెండు ఇడ్లీలు నెమ్మదిగా తినండి. తిన్నాక వచ్చే కదలిక ఇంట్లోనే తీరిపోతుంది. సాంబారు వద్దు, వెల్లుల్లి లేని వేరుశనగ పచ్చడి చేసుకోండి, ఎండుమిరపకాయలు సగానికి తగ్గించండి. కారం ఫాడ్‌మ్యాప్ కాకపోయినా పేగు నరాలను రేపుతుంది, మన చిత్తూరు చేతికి అది తగ్గించడమే అన్నిటికంటే కష్టం. రాగి సంకటి మధ్యాహ్నానికి పెట్టుకోండి, మొదట చిన్న ముద్ద. అంగట్లో తినక తప్పని రోజు ఆవిరి ఇడ్లీ అడగండి, మసాలా దోసెలోని కూర నిండా ఉల్లిపాయే. నెల తరువాత ఎలా ఉందో ఇక్కడే రాయండి అన్నా.