ఏకాహానికి రాత్రంతా మైకు: నామం పంచినట్టా, నిద్ర చెడగొట్టినట్టా?

గోదావరిగట్టు:
కృష్ణాష్టమికి ఊరి గుళ్లో ఏకాహం. ఈ సూర్యోదయం నుంచి మర్నాటి సూర్యోదయం దాకా తెగకుండా హరే రామ, హరే కృష్ణ నామం. శిఖరం పక్కన నాలుగు హారన్లు కట్టి రాత్రంతా వినిపించాలని కొందరు, పదింటికల్లా మైకు కట్టెయ్యాలని కొందరు. ‘నామం ఎంత దూరం వినపడితే అంత దూరం శాంతి’ అనేది మొదటివారి వాదన. తెలిసినవాళ్లు చెప్పండి.

తులసివనం:
మైకు ఉండాల్సిందేనండి. సంకీర్తన అంటేనే గొంతెత్తి పాడటం. చైతన్య మహాప్రభువు అనుచరుడు, రోజుకి మూడు లక్షల నామాలు జపించిన హరిదాస ఠాకూరుని, గట్టిగా ఎందుకు జపిస్తావని ఒకాయన నిలదీశాడు. మనసులో అనుకుంటే తనొక్కడికే మేలు, పైకి పలికితే విన్న పశుపక్ష్యాదులకు కూడా మేలు, అందుకే ఇది నూరు రెట్లు ఎక్కువని ఆయన జవాబు. రామానుజులవారు తమిళనాట తిరుక్కోష్టియూరులో గోపురమెక్కి మంత్రార్థం అందరికీ చెప్పారంటారే, అదీ ఇందుకేగా. దొరికిన శాంతిని మన దగ్గరే దాచుకుంటే అది భక్తి ఎలా అవుతుంది?

జపసంచి:
తులసివనం గారూ, మనుస్మృతి దీనికి తిరగేసి చెబుతుంది. శాస్త్రం విధించిన యజ్ఞం కంటే జపం పది రెట్లు, పెదవి మాత్రమే కదిలే ఉపాంశువు నూరు రెట్లు, మానసికం వెయ్యి రెట్లు మేలని. రెండూ పెద్దల మాటలే కాబట్టి ఎవరికి, ఎప్పుడు అనేది చూసుకోవాలి. హరిదాసులవారిది 16వ శతాబ్దం. ఆయన గొంతు కుటీరం చుట్టూ ఉన్నవాళ్లకి చేరింది. కిలోమీటరు అవతల పాలుతాగే బిడ్డని లేపలేదు. రామానుజుల సంగతికొస్తే, ఆశ ఉన్నవారందరికీ చెప్పారని సంప్రదాయం. ఆశ లేనివాడి చెవిలో పోయమని కాదు.

మనశ్శాంతి మాటకొస్తే, ముందు జపంలో కుదురు రావాలి. తులసిమాల 108 పూసలు, ఒక్కో పూసకి 16 నామాల మంత్రం ఒకసారి. బొటనవేలు, మధ్యవేలు మాత్రమే వాడాలి. చూపుడువేలు తగలకూడదు, అందుకే జపసంచికి ఆ వేలు బయటికి రావడానికి రంధ్రం పెడతారు. మాల కొసన ఉండే మేరుపూస దాటకుండా వెనక్కి తిరగాలి. అలవాటైనవారికి మాలకి ఏడెనిమిది నిమిషాలు. అయిదు నిమిషాల్లో అయిపోతోందంటే అక్షరాలు మింగేస్తున్నట్టే. మీ మంత్రం మీ చెవికి స్పష్టంగా వినపడాలి, అదే కొలత.

శ్రుతిపెట్టె:
శాస్త్రం మీరు తేల్చుకోండి. మైకు పాడేవాళ్లని ఏం చేస్తుందో చెబుతాను, ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

హారన్ ఉందంటే పాడేవాడు తనకి తెలీకుండానే అరుస్తాడు. సాయంత్రానికి గొంతు బొంగురుపోతుంది. రెండోది వేగం. విలంబంగా ఎత్తుకున్న నామం అరగంటలో పరుగందుకుంటుంది. అప్పుడు ‘హరే’ కాస్తా ‘అరే’ అవుతుంది, ‘కృష్ణ’ కాస్తా ‘కిష్ణ’ అవుతుంది. మూడోది అన్నిటికంటే ఘోరం. రాత్రి ఒంటిగంట దాటాక మనుషులు పలచబడితే పెన్‌డ్రైవ్ పెట్టేసి నడుం వాలుస్తారు. ఊరంతా నామం మోగుతూనే ఉంటుంది, గుళ్లో పలికే నోరు ఒక్కటీ ఉండదు. అది ఏకాహం కాదు. మైకు లేకపోతే ఈ మోసానికి చోటే లేదు, నోరు ఆగిన క్షణాన అందరికీ తెలిసిపోతుంది.

ఏర్పాటు ఇలా చేసుకోండి. రెండు గంటల వంతులు 12. వంతుకి ఎనిమిదిమంది, నలుగురు ఎత్తుకుంటే నలుగురు అందుకోవాలి. కొత్త జట్టు పది నిమిషాల ముందే వచ్చి పాతవాళ్లతో గొంతు కలపాలి, మారేటప్పుడు నామం తెగేది సరిగ్గా అక్కడే. శ్రుతి (హార్మోనియం కట్ట లెక్కలో) మగవాళ్లకి ఒకటిన్నర లేదా రెండు, ఆడవాళ్లకి నాలుగున్నర లేదా అయిదు. ఇద్దరినీ ఒకే వంతులో కలిపితే ఎవరో ఒకరి గొంతు పోతుంది, విడివిడిగా వెయ్యండి. రాత్రి ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా నడిచే వంతుల్లో గట్టివాళ్లని ఉంచి, దీపం చుట్టూ నడుస్తూ పాడమనండి. కూర్చుంటే ముందు తాళం వేసే చెయ్యి జారుతుంది, తరవాత నోరు. అఖండ దీపంలో వంతు మారినప్పుడల్లా నూనె పోసి, గడ్డకట్టిన వత్తి కొసని పుల్లతో ఎగదోయాలి. దాన్నుంచే వెలిగించిన తోడు దీపం ఒకటి పక్కన ఉండాలి.

జపసంచి:
చట్టం కూడా చూసుకోండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ కుదరదు. పండగలకి ప్రభుత్వం సడలించినా ఏడాదికి 15 రోజులు మించకుండా, అదీ అర్ధరాత్రి 12 దాకానే. పగలైనా రాతపూర్వక అనుమతి ఉండాలి.

తులసివనం:
పెన్‌డ్రైవ్ మాట ఒప్పుకుంటాను, అది తప్పే. కానీ మంచం పట్టిన పెద్దావిడ గుడికి రాలేదు కదా. ఆవిడకి ఆ హారనే గుడి. పదింటికి కట్టేస్తే ఆవిడకి పంచేదేమిటి?

శ్రుతిపెట్టె:
ఆవిడ దగ్గరికి నామమే వెళ్లాలండి. వంతు దిగిన జట్టు నలుగురు, మృదంగం లేకుండా చిన్న తాళాలతో, సాయంత్రం ఆరు ఎనిమిది మధ్య ఆవిడ మంచం పక్కన నిలబడి పది నిమిషాలు పాడి, తీర్థం ఇచ్చి రావాలి. ఆవిడకి ఓపికుంటే ఎత్తుకునేది ఆవిడే, జట్టు అందుకుంటుంది. పొద్దున్నే అలాంటి ఇళ్ల పేర్లు రాసుకుంటే ఏ జట్టు ఏ వీధో తేలిపోతుంది.

తులసివనం:
ఇది బాగుంది. అయితే పగలు బాక్స్ స్పీకర్లు రెండు, వాటి ముఖం మంటపం లోపలికి తిప్పి. హారన్లు వద్దు. పది తరవాత ఉత్త గొంతులే.

గోదావరిగట్టు:
ఇంకొక్కటి. మా పెద్దలు ‘హరే రామ’తో ఎత్తుకుంటారు, కుర్రాళ్లు ‘హరే కృష్ణ’ ముందంటారు.

జపసంచి:
కలిసంతరణోపనిషత్తు అచ్చుప్రతుల్లో ‘హరే రామ’ ముందుంది, చైతన్య మహాప్రభువు సంప్రదాయంవారైన గౌడీయులు ‘హరే కృష్ణ’ ముందు పలుకుతారు. ఏదైనా సరే, మొదటి వంతు ఎత్తుకున్న వరసే పన్నెండో వంతు దాకా ఉంచండి. మధ్యలో మారిస్తే అందుకునేవాళ్లు తడబడతారు.